జలుబుకు కొరియా వంటిల్లు: తొలి వణుకు నుంచి చివరి నీరసం దాకా ఏ పూటకు ఏది వండాలి

కొరియా ఇళ్లలో జలుబుకు పెట్టే తిండి, తాగించే కషాయాలు చాలా ఉన్నాయి. అయితే మనిషి పడకేసిన రోజున వాటన్నిటినీ ఒక్కసారిగా ముందు పెట్టరు. జలుబు ఏ దశలో ఉందో చూసి, ఆ దశకు తగిన ఒకటి రెండింటిని మాత్రమే వండుతారు. ఒళ్లు జలదరించి ముక్కు కారడం మొదలైన పూట పొగలు కక్కే సోయా మొలకల చారును కారంగా కాచి పోస్తారు. జ్వరం వచ్చి నాలుకకు రుచి తెలియకుండా పోయిన రోజున నూనె చుక్క కూడా వేయని తెల్లని బియ్యపు జావ పెడతారు. జ్వరం దిగినా గొంతు గరగర పోకపోతే బేరి పండు, తేనె, ముల్లంగి అందుకుంటారు. అన్నీ తగ్గి నీరసం మిగిలినప్పుడు గాని కోడికి, జిన్‌సెంగ్ అనే మూలికా వేరుకు వంతు రాదు. ఈ వరుస తెలియకుండా వంటకాలను మాత్రమే నేర్చుకున్నవారు జ్వరంతో మూలుగుతున్న మనిషి ముందు జిన్‌సెంగ్ వేసి వండిన కోడి వంటకం సంగ్యెతాంగ్ పెట్టి, వండిన శ్రమ వృథా అయిందని బాధపడుతుంటారు. అందుకే ఈ మార్గదర్శి జలుబు నడిచే దారి వెంబడే నడుస్తుంది.

ఈ వంటకాలలో ఏదీ జలుబు వైరస్‌ను చంపదు. మామూలు జలుబు వారం పది రోజుల్లో దానంతట అదే సద్దుమణుగుతుంది. యాంటీబయాటిక్ మాత్రలు దానిమీద పని చేయవు. ఆ వారం పది రోజులూ ఒంట్లో నీరు, ఉప్పు తగ్గకుండా, కడుపు మరీ ఖాళీగా ఉండకుండా చూడడం, వేడి ఆవిరితో ముక్కుకు, తేనెతో గొంతుకు కాస్త ఉపశమనం కలిగించడం ఈ వంటల పని. ఆ పనిని ఇవి చక్కగా చేస్తాయి.

కొరియా ఇంటివైద్యంలో గొంతుకు అంత పెద్ద పీట వేయడానికి అక్కడి వాతావరణం కొంత కారణం. జనవరిలో సియోల్ సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటే కిందే ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది. దానికి తోడు ఇంట్లో నేల కింది నుంచి వేడినిచ్చే ఒండోల్ ఏర్పాటు గదిలోని గాలిని మరింత ఆరబెడుతుంది. ఇక ఏ వేరుకు ఏ గుణముందన్న జ్ఞానం వైద్యుల దగ్గరే ఆగిపోకుండా ఇళ్లకు చేరడానికి రాజవైద్యుడు హో జున్ కృషి ఎంతో తోడ్పడింది. ఆయన 1610లో పూర్తిచేయగా 1613లో అచ్చయిన 25 సంపుటాల వైద్య సంకలనం ‘తోంగి బోగమ్’ మూలికల స్థానిక పేర్లను కొరియన్ లిపిలోనే నమోదు చేసింది. చైనా నుంచి తెప్పించుకోవలసిన ఖరీదైన సరుకుకు బదులు ఊరి చుట్టుపక్కల దొరికే వేరును గుర్తుపట్టడం దీనివల్ల సాధ్యమైంది. ఆ గ్రంథాన్ని యునెస్కో 2009లో తన ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

వంటకు ముందు సమకూర్చుకోవలసినవి

కొరియా బియ్యం పొట్టి గింజ, జిగురు ఎక్కువ. మన సోనా మసూరికి అంత జిగురు లేదు గనుక దానిని ఎక్కువసేపు నానబెట్టి, చేత్తో నలిపి, కొంత నూకగా మార్చుకుంటే జావ బాగా కుదురుతుంది. నూకతో జావ కాయడం కొరియా వారికి కొత్తేమీ కాదు: గింజను గింజగానే ఉడికించేది ఒక రకం, సగం విరిగిన గింజతో కాచేది మరొక రకం, మెత్తగా రుబ్బి కాచేది ఇంకొక రకం అని వారే జావను మూడు తరగతులుగా విభజించుకున్నారు. బాస్మతి మాత్రం దీనికి పనికిరాదు.

నువ్వుల నూనె విషయంలో మన వంటింటికి, వారి వంటింటికి పెద్ద తేడా ఉంది. వారు నువ్వులను ముదురు రంగు వచ్చేదాకా వేయించి నూనె తీస్తారు. దానిని చివర్లో వాసన కోసం చుక్కలుగా వాడతారు. మన పప్పునూనె పచ్చి నువ్వులది కాబట్టి ఆ వాసన రాదు. వేయించిన నూనె దొరకనప్పుడు ఒక చెంచా నువ్వులను దోరగా వేయించి, నలిపి, మన నూనెలో కలుపుకుంటే చాలా వరకు సరిపోతుంది.

కారం దగ్గర మరింత జాగ్రత్త అవసరం. కొరియా మిరపపొడి గింజలు తీసి దంచినది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. అక్కడి వంటకంలో ఒక పెద్ద చెంచా అని చెప్పినచోట గుంటూరు కారం అంతే వేస్తే జబ్బు మనిషి ఆ చారును ముట్టుకోలేడు. వరంగల్ వైపు పండే చపాటా మిరప రంగులోను, నెమ్మదితనంలోను దానికి బాగా దగ్గరగా ఉంటుంది. అది లేకపోతే మామూలు కారాన్ని పావు వంతుకు తగ్గించాలి.

చారుకు మూలాధారం ఎండు చేపల నీళ్లు. కొరియాలో మ్యొల్చి అని పిలిచేవి మనకు కొత్తవి కావు, అవి మన ఎండు నెత్తళ్ళే. పది పన్నెండు నెత్తళ్ళ తలలు, పొట్టలోని నల్లటి భాగం తీసేసి, పొడి మూకుడులో రెండు నిమిషాలు వేయిస్తే నీచు వాసన తగ్గుతుంది. తరువాత లీటరున్నర నీళ్లలో, అరచేయంత ఎండు సముద్రపు నాచు ముక్కతో కలిపి కాయాలి. నాచును పది నిమిషాలకే తీసేయాలి, లేకపోతే నీరు జిగటగా, చేదుగా మారుతుంది. నెత్తళ్ళను మరో ఐదు నిమిషాలు ఉంచి వడగట్టాలి. శాకాహారులు ముల్లంగి ముక్కలు, ఎండు పుట్టగొడుగులతో ఇదే పద్ధతిలో నీళ్లు కాచుకోవచ్చు. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం వచ్చాక అనంతపురం ప్రాంతంలో కొరియన్ భోజనశాలలు వెలిశాయి గనుక ఆ వైపు ఉన్నవారు ఈ చారు రుచిని ముందే చూసి, తరువాత ఇంట్లో పోల్చుకోవచ్చు.

మొదటి దశ: ఒళ్లు జలదరిస్తున్నప్పుడు

ఈ దశకు కొరియా ఇళ్లలో ఎక్కువగా కాచేది కోంగ్‌నముల్‌గుక్, అంటే సోయా మొలకల చారు. పెసర మొలకలతో దీనిని చేస్తే వేరే వంటకం అవుతుంది. సోయా మొలకకు పసుపుపచ్చని గట్టి తల, జానెడుకు కాస్త తక్కువ పొడవున్న తెల్లని కాడ ఉంటాయి, ఉడికిన తరువాత కూడా పంటికి కరకరమంటాయి. మన మార్కెట్లో ఇవి అరుదు గనుక ఇంట్లోనే పెంచుకోవడం మంచిది. సోయా గింజలను ఒక రాత్రి నానబెట్టి, అడుగున చిల్లులున్న గిన్నెలో పలుచగా పరిచి, వెలుతురు ఏమాత్రం పడకుండా నల్లటి గుడ్డ కప్పి, రోజుకు నాలుగైదు సార్లు నీళ్లు పోసి వంపేస్తూ ఉంటే ఐదారు రోజుల్లో కాడలు ఎదుగుతాయి. వెలుతురు తగిలితే తలలు ఆకుపచ్చగా మారి చేదెక్కుతాయి. జలుబు వచ్చాక గింజలు నానబోస్తే లాభం లేదు కాబట్టి చలికాలం మొదట్లోనే ఈ అలవాటు చేసుకోవాలి. పచ్చి సోయా మొలకలు సరిగా జీర్ణం కావు, వాటిని ఎప్పుడూ ఉడికించే తినాలి.

ముగ్గురికి సరిపడా చారుకు 300 గ్రాముల మొలకలు, పైన చెప్పిన నెత్తళ్ళ నీళ్లు లీటరుకు కాస్త ఎక్కువ, దంచిన వెల్లుల్లి ఒక చెంచా, రెండు ఉల్లికాడలు, తగినంత ఉప్పు కావాలి. కడిగిన మొలకలను చల్లారిన ఆ నెత్తళ్ళ నీళ్లలోనే వేసి, మూత పెట్టి, పెద్ద మంట మీద మరిగించాలి. ఇక్కడ కొరియా వంటలో అందరూ పాటించే కట్టుబాటు ఒకటి ఉంది: మూత పెడితే చివరిదాకా తీయకూడదు, తీసి వండదలచుకుంటే మొదటినుంచీ పెట్టకూడదు. మధ్యలో మూత తీసి వేడి తగ్గిస్తే పచ్చి సోయా వాసన చారులో నిలిచిపోతుందని వంటవారు చెబుతారు. కొత్తగా వండేవారు మూత లేకుండా వండడమే మేలు, ఎందుకంటే తొంగి చూడాలన్న కోరికను జయించడం కష్టం. నీళ్లు మరగడం మొదలైన తరువాత ఏడెనిమిది నిమిషాలు చాలు. దించే ముందు వెల్లుల్లి, ఉప్పు, ఉల్లికాడల ముక్కలు వేసి, జలుబు కోసం కాస్తున్నాం గనుక మిరపపొడి కూడా కలపాలి. మామూలు రోజుల్లో కారం లేకుండానే తాగే చారు ఇది.

ఈ చారు కారం తగిలి ముక్కు కారుతుంది, నుదుట చెమట పడుతుంది, కొంతసేపు ఊపిరి ఆడినట్లు ఉంటుంది. ఆ హాయి ఒక గంట ఉంటుంది, అంతకు మించి ఆశించకూడదు. ఆకలి ఇంకా చావనివారు ఇందులోనే అన్నం వేసుకుని తినవచ్చు. చొంజు నగరం పేరు చెప్పగానే కొరియన్లకు గుర్తొచ్చే కోంగ్‌నముల్ గుక్‌బాప్ ఇదే పద్ధతిది. మట్టి గిన్నెలో అన్నం, మొలకల చారు కలిపి పొగలు కక్కుతుండగా తెచ్చి, పక్కన కోడిగుడ్డును సగం ఉడికించి ఇస్తారు.

చారు కాచే ఓపిక లేనప్పుడు తాగేది ఉల్లికాడల వేళ్ల కషాయం. మనం కోసి పారేసే ఆ తెల్లని కుచ్చు వేళ్లను కొరియా ఇల్లాళ్లు కడిగి ఆరబెట్టి దాచుకుంటారు. ఐదారు కాడల తెల్లని భాగాన్ని వేళ్లతో సహా నీళ్లలో నానబెట్టి, మట్టి పూర్తిగా వదిలేదాకా కడిగి, నాలుగైదు అల్లం చక్రాలతో కలిపి, మూడు గ్లాసుల నీళ్లలో 20 నిమిషాలు సన్నని సెగ మీద కాచి వడగట్టాలి. వాసన ఘాటుగా ఉంటుంది. తేనె లేకుండా గొంతు దిగడం కష్టమే. మన అల్లం, మిరియాల కషాయానికి అలవాటుపడిన నోటికి ఇది అంత వింతగా అనిపించదు.

రెండవ దశ: జ్వరం, అరుచి ఉన్నప్పుడు

జావను కొరియాలో జుక్ అంటారు, రోగికి కాచే తెల్ల జావను హిన్‌జుక్ అంటారు. ఈ మార్గదర్శిలో ఒక్క వంటకమే నేర్చుకుంటానని ఎవరైనా అంటే నేను దీనినే చూపిస్తాను. ఇందులో బియ్యం, నీళ్లు తప్ప ఏమీ లేవు. కాబట్టి లోపం జరిగితే దాచడానికి మసాలా కూడా లేదు.

ఒక రోగికి రెండు పూటలకు అర కప్పు బియ్యం సరిపోతుంది. బియ్యాన్ని కడిగి కనీసం గంట, వీలైతే రెండు గంటలు నానబెట్టి నీరు వంపేయాలి. నానిన గింజ వేళ్ల మధ్య నొక్కితే విరిగిపోవాలి. అప్పుడే అది సమంగా ఉడుకుతుంది. తరువాత గింజలను అరచేతులతో గాని, రోకలి మొనతో గాని తేలికగా నలపాలి. అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకోవాలి, ఎందుకంటే పలుచని గిన్నెలో అడుగంటిన జావకు పట్టిన మాడు వాసనను జబ్బు మనిషి ముక్కు, ఎంత మూసుకుపోయి ఉన్నా, ఎలాగో పసిగడుతుంది.

నీళ్ల కొలత నానిన బియ్యానికి ఆరేడు రెట్లు. మొత్తం నీళ్లను మొదటే పోయాలి. సగం ఉడికాక చిక్కబడిందని చన్నీళ్లు కలిపితే గింజ ఒకవైపు, నీరు ఒకవైపు అయిపోయి జావ విడిపోతుంది. పెద్ద మంట మీద ఒక్క ఉడుకు రానిచ్చి, వెంటనే సెగను బాగా తగ్గించి, మూతను కాస్త వారగా పెట్టి 30 నుంచి 40 నిమిషాలు ఉడకనివ్వాలి. చెక్క గరిటెతో అడుగు నుంచి నెమ్మదిగా, ఒకే దిక్కుగా కలుపుతూ ఉండాలి. మొదట్లో ఎక్కువ కలపకుండా, చివరి పది నిమిషాలు మాత్రం గిన్నె దగ్గరే నిలబడాలి. గింజ ఆకారం కనబడుతూనే నాలుక మీద పెట్టగానే కరిగిపోయే స్థితిలో దించాలి. దించాక కూడా అది చిక్కబడుతుంది గనుక కావలసిన దానికంటే కొంచెం పలుచగా ఉన్నప్పుడే మంట ఆపేయాలి.

జావలో ఉప్పు కలిపి ఉడికించరు. ఉప్పు వేసిన జావ నీరుకారిపోతుందని అక్కడివారు అంటారు. పక్కన చిన్న గిన్నెలో సోయా సాస్ పెట్టి, రోగి తన నాలుక ఒప్పుకున్నంత కలుపుకునేలా వదిలేస్తారు. మరొక కట్టుబాటుకు మాత్రం స్పష్టమైన కారణమే ఉంది: తినే చెంచాను పెద్ద గిన్నెలో ముంచకూడదు. లాలాజలంలోని ఎంజైము పిండిపదార్థాన్ని విరగ్గొడుతుంది కాబట్టి ఎంగిలి చెంచా తగిలిన జావ గంటలోనే పలుచబడిపోతుంది, పైగా చెడిపోతుంది కూడా. ఒక పూటకు సరిపడా వేరే గిన్నెలోకి తీసుకుని, మిగిలినది చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మరునాటికల్లా పూర్తిచేయాలి; వేడిచేసేటప్పుడు కొద్దిగా వేడినీళ్లు కలిపి సన్నని సెగ మీద కలుపుతూ తిరిగి ఉడుకు రానివ్వాలి.

జావ కూడా మింగలేని వారికి మియుమ్ కాస్తారు. బియ్యానికి పది రెట్ల నీళ్లు పోసి, గింజ పూర్తిగా చితికిపోయేదాకా ఉడికించి, జల్లెడలో వడగట్టగా దిగిన చిక్కని ద్రవమే మియుమ్. అన్నం వార్చిన గంజి తాగిన ఇళ్లవారికి దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

నోరు చప్పబడిపోయినవారికి మరొక దారి నురుంగ్‌జి, అంటే అడుగంటిన అన్నపు పొర. మిగిలిన అన్నాన్ని తడి గరిటెతో పెనం మీద పలుచని అట్టులా అదిమి, సన్నని సెగ మీద ఒక్కో వైపు పది పదిహేను నిమిషాలు కాలిస్తే బంగారు రంగు పొర వస్తుంది. దానిని విరిచి, ఐదు రెట్ల నీళ్లలో పది నిమిషాలు మరిగిస్తే వచ్చే పలుచని జావలో కాలిన ధాన్యపు కమ్మదనం ఉంటుంది. మామూలు అన్నం వాసనకే వికారం పుట్టే రోజున కూడా ఇది లోపలికి పోతుంది. కాల్చిన పొరలను ఆరబెట్టి డబ్బాలో దాచుకోవచ్చు గనుక ఒంటరిగా ఉండేవారికి నేను మొదట సూచించేది ఇదే. కొరియా నగరాల్లోనైతే జబ్బుపడిన ఒంటరి మనిషి జావను దుకాణం నుంచి తెప్పించుకోవడం మామూలే. 2002లో మొదలైన బొన్‌జుక్ వంటి గొలుసు దుకాణాలు ప్రధానంగా జావల మీదే నిలబడ్డాయి.

జ్వరం దిగుతున్న కొద్దీ అదే తెల్ల జావకు ఒక్కొక్కటే కలుపుతూ పోవాలి. మొదట గిలక్కొట్టిన గుడ్డును సన్నని ధారగా పోయడం, మరునాడు సన్నగా తరిగిన క్యారెట్, పుట్టగొడుగులు వేయడం, ఆ తరువాత చుక్క నువ్వుల నూనె. జెజు దీవి వైపు ఆబలోనీ అనే సముద్రపు గుల్ల మాంసంతో చొన్‌బొక్‌జుక్ కాస్తారు. దాని లోపలి భాగాలను కూడా కలపడం వల్ల ఆ జావ లేత ఆకుపచ్చగా ఉంటుంది. అది మన దగ్గర కుదిరే పని కాదు, దాని కోసం వేరే గుల్లలతో ప్రయోగాలు చేయవలసిన అవసరం కూడా లేదు.

మూడవ దశ: గొంతు గరగర, ఆగని దగ్గు

ఈ దశలో ప్రధాన పాత్ర బేరి పండుది. కొరియా బేరి గుండ్రంగా, అర కిలోకు పైగా తూగుతుంది, కొరికితే నీరు కారుతుంది. నాజు ప్రాంతపు పండ్లకు మంచి పేరుంది. మన మార్కెట్లో దొరికేవి చిన్నవి కాబట్టి ఒకటికి బదులు రెండు మూడు తీసుకోవాలి.

తేనె నింపి ఆవిరి పట్టే పద్ధతి సులువైనది. పండు పైభాగాన్ని మూతలా కోసి పక్కన పెట్టి, చెంచాతో గింజల భాగాన్ని తొలిచేయాలి; అడుగుకు గాని, పక్కలకు గాని చిల్లు పడితే రసమంతా కారిపోతుంది. గుంటలో రెండు చెంచాల తేనె, రెండు మూడు అల్లం చక్రాలు, ఉంటే ఒక ఎండు దేచు వేయాలి. దేచు మన రేగుపండుకు దగ్గరి చుట్టం. అది లేకపోతే వదిలేయవచ్చు. కోసిన మూతను తిరిగి పెట్టి, పండును లోతైన గిన్నెలో నిలబెట్టి, ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టాలి. చిన్న పండుకు అరగంట, పెద్దదానికి గంట దాకా పడుతుంది. పండు మెత్తబడి, లోపల రసం ఊరుతుంది. ఆ రసాన్ని గోరువెచ్చగా తాగి, మెత్తని గుజ్జును చెంచాతో తినాలి.

బేసుక్ అనేది ఇదే కుటుంబానికి చెందినదైనా కాస్త హుందాతనం ఉన్న పానీయం. 30 గ్రాముల అల్లాన్ని పలుచగా తరిగి, లీటరు నీళ్లలో 20 నిమిషాలు కాచి వడగట్టాలి. చెక్కు తీసిన బేరి ముక్కల వెనుకభాగంలో మూడేసి మిరియాలను లోతుగా గుచ్చి, ఆ అల్లపు నీళ్లలో ముక్కలు పారదర్శకంగా మారేదాకా సన్నని సెగ మీద ఉడికించి, చివర్లో తగినంత చక్కెర వేయాలి. పండుగలకు దీనిని చల్లగా, పైన పైన్ గింజలు తేలేలా ఇస్తారు. జలుబుకు మాత్రం వేడిగానే తాగాలి. మిరియాలను నీళ్లలో నేరుగా వేయక ముక్కలకు గుచ్చడం అందం కోసమే కాదు, ఘాటు ఒక్కసారిగా దిగకుండా మెల్లగా దిగడానికి కూడా.

కొరియన్లు బేరితో జత కట్టించే వేరు దొరాజి. గంట ఆకారపు ఊదా పువ్వులు పూసే మొక్క వేరు ఇది, చేదుగా ఉంటుంది, కఫాన్ని కరిగిస్తుందని తూర్పు ఆసియా వైద్యం చెబుతుంది. ఎండు ముక్కలు 20 గ్రాములు, ఒక బేరి, ఐదారు దేచు కలిపి లీటరున్నర నీళ్లలో గంటసేపు, నీళ్లు సగమయ్యేదాకా కాచి తాగుతారు. ఎక్కువ మోతాదులో ఇది కడుపులో తిప్పుతుంది కాబట్టి రోజుకు ఒకటి రెండు కప్పులకు మించకూడదు. మన దగ్గర నమ్మదగిన సరుకు దొరకకపోతే వేరు లేకుండా బేరితోనే సరిపెట్టుకోవడం ఉత్తమం.

ఏ దిగుమతి సరుకూ అక్కరలేనిది ముల్లంగి తేనె. తెల్ల ముల్లంగిని సెంటీమీటరు ముక్కలుగా కోసి, తడిలేని గాజు సీసాలో వేసి, ముక్కలు మునిగేలా తేనె పోసి, సగం రోజు కదపకుండా ఉంచాలి. తేనెలోని తీపి ముల్లంగిలోని నీటిని బయటికి లాగడంతో ముక్కలు ముడుచుకుని పైకి తేలుతాయి, తేనె నీళ్లలా పలుచబడుతుంది. ఆ ద్రవాన్ని రెండు చెంచాలు గోరువెచ్చని నీళ్లలో కలిపి తాగాలి. మన ముల్లంగి కొరియా ముల్లంగి కంటే ఘాటైనది గనుక వాసన కొంత ఎక్కువే. లేత దుంపను ఎంచుకుంటే భరించవచ్చు. నీరు కలిసిన తేనె నిలవ ఉండదు కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. దగ్గుకు తేనె కొంత ఉపశమనం ఇస్తుందని ఆధునిక వైద్యం కూడా ఒప్పుకుంటుంది. అయితే ఏడాది నిండని పిల్లలకు తేనెను ఏ రూపంలోనూ, చుక్కైనా పెట్టకూడదు. అందులో ఉండగల బొట్యులిజం క్రిమి బీజాలు వారి పేగుల్లో విషాన్ని తయారు చేయగలవు.

యుజా అనే నిమ్మజాతి పండుతో చేసే వేడి పానీయం యుజాచా గురించి చాలామంది విని ఉంటారు. దక్షిణ తీరంలోని గొహుంగ్ యుజా పండ్లకు ప్రసిద్ధి. నవంబరులో పండ్లు రాగానే గింజలు తీసి, తొక్కను సన్నని పోగులుగా తరిగి, గుజ్జుతో కలిపి, సమాన బరువు చక్కెర లేదా తేనెతో సీసాలకు ఎత్తుతారు. చలికాలమంతా ఒక పెద్ద చెంచా తీసి వేడినీళ్లలో కలుపుకుని తాగుతారు. యుజా దొరకనిచోట రెండు నిమ్మకాయలు, ఒక కమలాపండు తొక్కలతో అదే పద్ధతిలో చేయవచ్చు. తొక్కలను ముందు ఉప్పుతో బాగా రుద్ది కడగాలి, గింజ ఒక్కటి కూడా మిగలకూడదు, లేకపోతే సీసా అంతా చేదెక్కుతుంది. దబ్బకాయ తొక్క మరీ మందం, మరీ చేదు కావడం వల్ల నేను దానిని సిఫారసు చేయను. మధుమేహం ఉన్నవారు ఈ సీసాలో సగం బరువు చక్కెరేనని మరువకూడదు.

నాలుగవ దశ: జలుబు పోయి నీరసం మిగిలినప్పుడు

ఇప్పుడు కోడికి వేళయింది. మొదట తేలికైన తక్‌జుక్, అంటే కోడి జావ. ఎనిమిది వందల గ్రాముల కోడిని తోలు, కొవ్వు తీసి, పది వెల్లుల్లి రెబ్బలు, అల్లం ముక్క, ఉల్లికాడల తెల్లని భాగంతో రెండు లీటర్ల నీళ్లలో 45 నిమిషాలు ఉడికించాలి. నురుగును ఎప్పటికప్పుడు తీసేయాలి. మాంసాన్ని ఎముకల నుంచి విడదీసి పోగులుగా చీల్చి, వడగట్టిన నీళ్లలో నానిన బియ్యాన్ని తెల్ల జావ పద్ధతిలోనే ఉడికించి, చివరన మాంసం, ఉప్పు, మిరియాల పొడి కలపాలి. మెత్తగా ఉడికిన వెల్లుల్లిని పారేయకుండా జావలోనే చిదిపి వేస్తే రుచి పెరుగుతుంది.

సంగ్యెతాంగ్ దీనికి పెద్దన్న. అర కిలో బరువున్న పిల్లకోడి కడుపులో రెండు గంటలు నానిన జిగురు బియ్యం, వెల్లుల్లి, దేచు, ఒక జిన్‌సెంగ్ వేరు కూరి, కాళ్లను ఒకదానిలో ఒకటి దూర్చి, గంటసేపు ఉడికిస్తారు. నిజానికి ఇది చలికాలపు వంటకం కాదు. ఎండలు మండే రోజుల్లో బొక్‌నల్ అని పిలిచే మూడు రోజులలో, చెమటతో పోయిన శక్తిని తిరిగి తెచ్చుకోవడానికి తింటారు. కోలుకుంటున్న మనిషికి కూడా అదే తర్కంతో పెడతారు. జిన్‌సెంగ్ ఒంటికి వేడి చేస్తుందన్నది అక్కడి వైద్య సంప్రదాయపు భావన కాబట్టి జ్వరం ఉన్నప్పుడు ఇవ్వరు. రక్తం పలుచబడే మందులు, ముఖ్యంగా వార్ఫరిన్ వాడేవారు వైద్యుడిని అడగకుండా జిన్‌సెంగ్ తీసుకోకూడదు. ఆ వేరు లేకుండా వండినా కోడి కోడే.

ఈ దశకే చెందిన మరొకటి సంగ్‌హ్వాచా. పియోనీ వేరు, అతిమధురం, దాల్చిన చెక్క, అల్లం, దేచు వంటి వాటిని గంటల తరబడి కాచిన నల్లని కషాయం ఇది. ఉత్తర చొల్లా ప్రాంతపు చొంగుప్ పట్టణంలో దీనికోసమే ఒక వీధి ఉంది. పాతకాలపు తేనీటి దుకాణాల్లో కప్పులో పచ్చి గుడ్డు పచ్చసొన వేసి ఇచ్చేవారు. జబ్బు నుంచి లేచిన మనిషికి పచ్చి గుడ్డు నేను ఇవ్వను. కొరియా మందుల దుకాణాల్లో ఈ కషాయపు చిన్న సీసాలను వెచ్చగా ఉంచి, జలుబు మాత్రలతో పాటు అమ్ముతారు. మూలికలను విడివిడిగా తెప్పించి ఇంట్లో తూచి కాచే సాహసం మాత్రం వద్దు. ఇందులోని అతిమధురం రక్తపోటును పెంచగలదు గనుక రక్తపోటు ఉన్నవారు సీసా మందుకు కూడా దూరంగా ఉండడం మంచిది.

చేయకూడనివి, ఆగవలసిన చోట్లు

సోజు సారాలో మిరపపొడి కలిపి ఒక్క గుక్కలో తాగి పడుకుంటే తెల్లారేసరికి జలుబు ఎగిరిపోతుందని కొరియాలో ఒక నానుడిలాంటి చిట్కా ఉంది. దానిని హాస్యంగా వినాలే గాని ఆచరించకూడదు: సారా ఒంట్లోని నీటిని తగ్గిస్తుంది, నిద్రను చెడగొడుతుంది, పారాసెటమాల్ వేసుకున్నవారి కాలేయం మీద భారం పెంచుతుంది. ఒండోల్ నేలను బాగా వేడిచేసి, మందపాటి దుప్పటి కప్పుకుని చెమట పట్టించుకోవడం కూడా పాత పద్ధతే. చలి వేస్తున్నప్పుడు వెచ్చగా పడుకోవడం మంచిదే. జ్వరం కాస్తున్న మనిషిని, అందులోనూ పిల్లలను, దుప్పట్లలో చుట్టి చెమట పట్టించడం మాత్రం ప్రమాదం.

జ్వరం మూడు రోజులు దాటినా, ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కఫంలో రక్తం కనబడినా, ఒకసారి తగ్గిన జ్వరం తిరిగి పెరిగినా జావ గిన్నెను పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. మూడు నెలల లోపు పసిబిడ్డకు 38 డిగ్రీల జ్వరం వస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. గర్భిణులు, ఉబ్బసం, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దొరాజి, జిన్‌సెంగ్, సంగ్‌హ్వాచాలను తమ వైద్యుడికి చెప్పకుండా మొదలుపెట్టకూడదు. తెల్ల జావకు, బేరి పండుకు ఆ అనుమతి అక్కరలేదు.